పరుపు కొనేటప్పుడు పైగుడ్డ కాదు, లోపలి సరుకు చూడండి

పరుపుల షాపుకు పోతే ముందుగా మన చేతికి తగిలేది పైగుడ్డే. తెల్లగా, మెత్తగా, పువ్వుల కుట్లతో, అంచుకు మెరిసే పట్టీతో ఉంటుంది. రెండుసార్లు చేత్తో నొక్కి, బాగుందనుకుని, బేరమాడి ట్రాలీ ఆటోలో వేయించుకుని ఇంటికి తెస్తాం. ఏడాది తిరిగేసరికి నడుము ఆనే చోట గుంత పడుతుంది, పొద్దున లేస్తే ఒళ్లంతా పట్టేసినట్టు ఉంటుంది. ఫోన్ కొనేముందు ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంత అని పదిమందిని అడిగే మనం, రోజుకు ఏడెనిమిది గంటలు ఒళ్లు వాల్చే పరుపు దగ్గరికి వచ్చేసరికి "ఆరు ఇంచుల మందం, పదేళ్ల వారంటీ" అనగానే ఆగిపోతున్నాం. ఆ మందం దేనితో వచ్చింది, ఆ వారంటీ దేనికి వర్తిస్తుంది అనే రెండు ప్రశ్నలు అడిగితే సగం మోసం అక్కడే ఆగిపోతుంది. హనుమకొండ చౌరస్తాలో కొన్నా, కరీంనగర్‌లో కొన్నా, ఫోన్‌లో ఆర్డర్ పెట్టినా ఇదే సంగతి.

ముందు మంచం కొలవండి

మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్నవి వడ్రంగితో చేయించిన టేకు మంచాలు. అవి కంపెనీ కొలతలకు సరిగ్గా కుదరాలని లేదు. కంపెనీ పరుపులు సాధారణంగా 72, 75, 78 ఇంచుల పొడవులో, 36, 48, 60, 72 ఇంచుల వెడల్పులో దొరుకుతాయి. మీ మంచాన్ని చట్రం లోపలి వైపు నుంచి, తల దగ్గర ఒకసారి, కాళ్ల దగ్గర ఒకసారి టేపు పెట్టి కొలవండి, ఎందుకంటే పాత మంచాల్లో ఆ రెండు చోట్ల కొలత తేడా రావడం మామూలే. పరుపు అర ఇంచు తక్కువైనా నడుస్తుంది కానీ, ఎక్కువైతే అంచు పైకి లేస్తుంది, తొందరగా పాడవుతుంది. చాలా కంపెనీలు అడిగిన కొలతకు చేసిస్తాయి, అయితే అలా చేయించినదాన్ని మాత్రం దాదాపుగా ఎవరూ వెనక్కి తీసుకోరు.

మంచం పలక కూడా చూడాలి. చెక్క పట్టీలుంటే వాటి మధ్య సందు మూడు ఇంచులు దాటకూడదు, దాటితే ఫోమ్ ఆ సందుల్లోకి దిగిపోతుంది. మొత్తం ప్లైవుడ్ కొట్టిన బాక్స్ మంచమైతే కింద గాలి ఆడదు, కాబట్టి ప్లైకి అక్కడక్కడ రంధ్రాలు పెట్టించండి. నడుమ వంగిన ప్లై మీద ఎంత ఖరీదైన పరుపు వేసినా అదీ వంగుతుంది, ఆ తర్వాత వారంటీకి పోతే కంపెనీవాళ్లు ముందు చూసేది ఆ ప్లైనే. ఇంకో మాట, మీది ఇరుకు మెట్లున్న మేడ ఇల్లైతే స్ప్రింగ్ పరుపు మడతపడదన్నది గుర్తుంచుకోండి. డబ్బు కట్టాక అది మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంటే పెద్ద టెన్షన్.

మన ఎండకు, మన కూలర్లకు ఏది కుదురుతుంది

ఇక్కడ రకాల గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే బెంగళూరులో ఉన్నవాళ్లు బాగుందని రాసిన పరుపు రామగుండంలోనో మంచిర్యాలలోనో బాగుండాలని లేదు. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, పై అంతస్తు గదిలో స్లాబు రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది.

మెమరీ ఫోమ్‌ను "నాసా టెక్నాలజీ" అని చెప్పి అమ్ముతారు. 1960ల్లో నాసా కోసం జరిగిన పనిలో పుట్టిన మాట నిజమే. కానీ దాని గుణమే వేడికి మెత్తబడడం, చలికి బిగుసుకోవడం. ఒంటి వేడికి మెత్తబడి మన ఆకారంలోకి దిగుతుంది, దాంతో ఒంటి చుట్టూ గాలి ఆడదు, చెమట పడుతుంది. రాత్రంతా ఏసీ నడిచే ఇంట్లో ఇబ్బంది ఉండదు. కూలర్ మీదో, ఫ్యాన్ మీదో పడుకునేవాళ్లకు, ముఖ్యంగా కరెంటు పోయిన రాత్రుల్లో, మందమైన మెమరీ ఫోమ్ పొర అంటే ఉక్కపోతే. అదే పరుపు ఆదిలాబాద్ చలికాలంలో, పది డిగ్రీల కిందికి పడిపోయే రాత్రుల్లో, మొదటి అరగంట గట్టిగా తగులుతుంది. కావాలనుకుంటే పైన ఒకటి రెండు ఇంచులకు మించకుండా ఉన్నది తీసుకోండి.

కొబ్బరి పీచుకు రబ్బరు పట్టించి చేసే కాయిర్ పరుపు మన వాతావరణానికి బాగానే ఆగుతుంది. గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది, ఫోమ్ అంత వేడెక్కదు. దాని శత్రువు తేమ. కూలర్ గాలి నేరుగా పరుపు మీదికి కొట్టే గదిలో, కిటికీ మూసి కూలర్ నడిపే ఇంట్లో, వానాకాలం గోడలు చెమ్మగిల్లే కింది ఇంట్లో అది బూజు వాసన వేస్తుంది. పీచు నాసిరకమైతే కొన్నాళ్లకు పొడిపొడిగా రాలుతుంది. షాపులో ఒక మూల నొక్కి వదిలితే కరకరమనే చప్పుడు గట్టిగా వచ్చినా, చేతికి పొడి తగిలినా వద్దనండి.

స్ప్రింగ్ పరుపుల్లో గాలి బాగా ఆడుతుంది, చల్లగా ఉంటాయి. బోనెల్ రకంలో స్ప్రింగులన్నీ ఒకదానికొకటి కట్టి ఉంటాయి, కాబట్టి ఒకరు తిరిగితే పక్కవాళ్లు ఊగుతారు. పాకెట్ స్ప్రింగులో ప్రతి స్ప్రింగు దాని సంచిలో విడిగా ఉంటుంది, ఊపు తక్కువ, ధర ఎక్కువ. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకునేవాళ్లున్న ఇంట్లో, గోదావరిఖని, భూపాలపల్లి లాంటి చోట్ల షిఫ్టులతో నడిచే ఇళ్లలో, ఒకరు పడుకుంటే ఇంకొకరు లేవకుండా ఉండాలంటే పాకెట్ స్ప్రింగు మేలు. ఒక విషయం మాత్రం అడగండి: స్ప్రింగు మీద పరిచిన ఫోమ్ ఎన్ని ఇంచులు, ఏ డెన్సిటీ (ఎంత చిక్కటి ఫోమ్, దీని లెక్క కింద చెప్తాను) అని. ముందు కుంగిపోయేది స్ప్రింగు కాదు, ఆ పై ఫోమే.

లేటెక్స్ అంటే రబ్బరు పాలతో చేసినది. సూది రంధ్రాలతో ఉంటుంది కాబట్టి మెమరీ ఫోమ్ కంటే చల్లన, నొక్కి వదిలితే వెంటనే లేస్తుంది, బాగా మన్నుతుంది. ధర మాత్రం ఎక్కువే. "నేచురల్ లేటెక్స్" అని రాసి ఉంటే పూర్తిగా సహజమా, సింథటిక్ ఎంత కలిపారు, లేదంటే ఫోమ్ మీద ఒక ఇంచు లేటెక్స్ పొర వేసి ఆ పేరు పెట్టారా అన్నది కచ్చితంగా తేల్చుకోండి.

ఇక దూది పరుపు. ఎనుమాముల మార్కెట్‌కు బండ్ల కొద్దీ పత్తి వచ్చే వరంగల్‌లో ఉంటూ దూది పరుపును చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. కింద పడుకునే అలవాటున్నవాళ్లకు, నవారు మంచం వాడే పెద్దవాళ్లకు, వేడి తట్టుకోలేనివాళ్లకు మంచి దూది పరుపు ఇప్పటికీ మంచి ఎంపిక. కొత్తవాడలో నేసే జంపఖానా కింద పరిచి దాని మీద దూది పరుపు వేస్తే ఎండాకాలం నిద్ర హాయిగా పడుతుంది. ఆ జంపఖానాలకు 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని తెలిపే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. అయితే దూది మీ కళ్ల ముందు తూకం వేయించి, మీ ముందే నింపించండి. మిల్లు వేస్టులో రంగు దారాల ముక్కలు, నల్లటి గింజ పొట్టు కనిపిస్తాయి, చేత్తో లాగితే పోగు పొట్టిగా తెగిపోతుంది. దూది కొన్నాళ్లకు గడ్డకడుతుంది, అప్పుడు విప్పించి ఏకించాలి, మధ్యమధ్యలో ఎండలో వేయాలి. ఆ ఓపిక ఉంటేనే తీసుకోండి.

డెన్సిటీ అడగండి, తూకం వేయండి

ఎక్కువ మంది కొనేది పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ పరుపు, అంటే మామూలు ఫోమ్‌దే. ఎక్కువ మోసం జరిగేదీ అందులోనే. మందం చూసి మంచిదనుకుంటాం, నిజానికి చూడాల్సింది డెన్సిటీ, అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలుంటుంది అని. షాపువాళ్లు "32 డెన్సిటీ", "40 డెన్సిటీ" అంటారు కదా, అదే ఇది. రోజూ పెద్దవాళ్లు పడుకునే పరుపుకు 32 కంటే తక్కువ వద్దు, ఒళ్లు బరువున్నవాళ్లకు 40 అయితే మంచిది. ఒక సంగతి, డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. తక్కువ డెన్సిటీ ఫోమ్‌ను కూడా షాపులో గట్టిగా తగిలేలా చేయొచ్చు, అది ముందు గట్టిగా ఉండి ఆరు నెలల్లో చతికిలబడుతుంది. అందుకే చేత్తో నొక్కితే అసలు సంగతి తెలియదు.

తూకంతో తెలుస్తుంది. లెక్క కష్టమేం కాదు. పొడవు, వెడల్పు, మందం ఇంచుల్లో గుణించి, 61,000తో భాగించి, డెన్సిటీతో గుణిస్తే కిలోలు వస్తాయి. ఉదాహరణకు 72, 60, 6 ఇంచుల పరుపు తీసుకోండి. గుణిస్తే 25,920, దాన్ని 61,000తో భాగిస్తే ఇంచుమించు 0.425. నిజంగా 32 డెన్సిటీ అయితే ఫోమ్ ఒక్కటే దాదాపు 13.6 కిలోలు ఉండాలి, 40 అయితే 17 కిలోలు, దాని మీద గుడ్డ బరువు అదనం. అదే కొలత పరుపును ఒక్క చేత్తో అలవోకగా లేపగలిగితే, తూకం వేస్తే గుడ్డతో కలిపి పది కిలోలు కూడా రాకపోతే, అది 32 కాదు. మీరు లెక్క కాగితం తీసి తూకం వేయమన్నప్పుడు షాపాయన ముఖం ఎలా మారుతుందో చూస్తే చాలు, చాలా సంగతులు అక్కడే తెలుస్తాయి. లెక్క ఒకే రకం ఫోమ్ ఉన్న పరుపుకే సరిపోతుంది, పొరలు పొరలుగా ఉంటే ఒక్కో పొర మందం, డెన్సిటీ అడిగి విడివిడిగా వేసి కలుపుకోవాలి. లేటెక్స్, కాయిర్, రీబాండెడ్ (ఫోమ్ ముక్కలు అతికించి చేసిన) పరుపులు సహజంగానే చాలా బరువుంటాయి.

బరువు రావడం కోసం ఫోమ్‌లో సుద్ద లాంటి పొడి కలిపేవాళ్లూ ఉన్నారు. అలాంటి ఫోమ్‌ను గట్టిగా నొక్కి వదిలితే నెమ్మదిగా లేస్తుంది, వేలితో గిల్లితే పొడిపొడిగా తునుగుతుంది. మంచి పీయూ ఫోమ్ వదలగానే లేచి నిలబడుతుంది.

చాలా షాపుల్లో పరుపును కోసి లోపలి పొరలు చూపించే శాంపిల్ ముక్కలుంటాయి, అవి తప్పకుండా అడిగి చూడండి. రంగురంగుల ముక్కలు అతికించినట్టు కనిపించేది రీబాండెడ్ ఫోమ్. చెడ్డదేం కాదు, కింది పొరగా గట్టిదనం ఇస్తుంది, కానీ మొత్తం అదే ఉండి పైన సన్నటి మెత్తటి పొర వేస్తే అది మంచి పరుపు ధరకు కొనాల్సింది కాదు. టీవీ డబ్బాలో వచ్చే తెల్లటి ప్యాకింగ్ షీటు లాంటిది కనిపిస్తే అది ఈపీఈ. అది ఒకసారి అణిగిందంటే మళ్లీ లేవదు. చౌక పరుపుల్లో మందం పెంచడానికి దాన్నే వాడతారు. జిప్పు ఉన్న పరుపైతే జిప్పు తీసి చూపించమనండి. జిప్పు లేకపోతే, శాంపిల్ కూడా లేకపోతే, పక్క షాపు ఉంది.

పీయూ ఫోమ్ పరుపులకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 7933, రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు షీట్లకు ఐఎస్ 8391. ఐఎస్ఐ మార్కు వేసి ఉంటే దాని పక్కన లైసెన్సు నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూస్తే ఎవరిదో తెలుస్తుంది. స్లీప్‌వెల్, కర్లాన్, సెంచరీ, డ్యూరోఫ్లెక్స్ లాంటి తెలిసిన పేర్లకు ఒక అక్షరం అటూ ఇటూ మార్చి అమ్మే సరుకు కూడా ఉంటుంది, లేబుల్ మీద స్పెల్లింగ్, తయారు చేసిన చిరునామా చదవండి.

పడుకుని చూడండి, కూర్చుని కాదు

పదిమంది చూస్తుంటే షాపులో పడుకోవడానికి మొహమాటపడతాం, ముఖ్యంగా ఆడవాళ్లు. మొహమాటం వద్దు, వేలు పోసి కొంటున్నారు. జనం తక్కువగా ఉండే మధ్యాహ్నం పూట పోండి. చెప్పులు విడిచి, మీరు రోజూ ఎలా పడుకుంటారో అలాగే పది పదిహేను నిమిషాలు పడుకోండి. వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సులువుగా అటు నుంచి ఇటు దూరిపోతే పరుపు మీకు మరీ గట్టి, అసలు దూరకపోతే మరీ మెత్త, కొంచెం ఒత్తుతూ దూరితే సరైనది. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు భుజం, తుంటి కొంచెం దిగి వెన్ను తిన్నగా ఉండాలి. పక్కన ఉన్నవాళ్లను వెనక నుంచి ఫోటో తీయమంటే స్పష్టంగా కనిపిస్తుంది. భార్యాభర్తలిద్దరూ పోయి ఇద్దరూ కలిసి పడుకుని చూడండి, 50 కిలోల మనిషికి గట్టిగా ఉన్న పరుపు 90 కిలోల మనిషికి మెత్తగా ఉంటుంది.

నడుము నొప్పి ఉంటే చెక్క మీద పడుకోవాలని, ఎంత గట్టి పరుపైతే అంత మంచిదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన స్పెయిన్ అధ్యయనం ఒకటి ఉంది. చాలాకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిదనం ఉన్నది ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే నొప్పి బాగా తగ్గింది. "ఆర్థో" అన్న మాట ఏ కంపెనీ అయినా పరుపు మీద రాసుకోవచ్చు, ఆ మాట చూసి రెండు వేలు ఎక్కువ ఇవ్వకండి. డిస్క్ సమస్య, సర్జరీ లాంటివి ఉంటే మీ డాక్టర్‌ను అడిగి కొనండి.

పెద్దవాళ్ల కోసమైతే మంచం, పరుపు కలిపి ఎత్తు చూసుకోండి. అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలి, అంచు కిందికి జారకూడదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు పది ఇంచుల పరుపు తెచ్చి ఎత్తు మంచం మీద వేస్తే రాత్రి బాత్రూంకు లేవడమే ఆమెకు కష్టమవుతుంది. ఏడాదిలోపు పసిపిల్లలకు గట్టిగా, సమంగా ఉన్నదే కావాలి. మెత్తటి పరుపు, పక్కన మెత్తలు వాళ్లకు ప్రమాదం, ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది.

పెళ్లి సామానులో వచ్చే పరుపు

దీని గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మన వైపు పెళ్లిలో బిడ్డకు మంచం, పరుపు, బీరువా, డ్రెస్సింగ్ టేబుల్ అన్నీ కలిపి పెడతారు. షాపువాళ్లు అన్నిటికీ కలిపి ఒకే రేటు చెబుతారు. ఇంటివాళ్లు టేకు మంచం చెక్కను తట్టి చూస్తారు, బీరువా రేకు గేజు అడుగుతారు, పరుపును మాత్రం మంచంతో వచ్చేదిగా వదిలేస్తారు. కాంబోలో షాపువాళ్లు మిగుల్చుకునేది ఎక్కువగా ఆ పరుపు దగ్గరే. చూడడానికి ఎనిమిది ఇంచులుంటుంది, లోపల ఈపీఈ, అతికించిన ఫోమ్ ముక్కలు. కొత్త దంపతులు దాని మీద ఏళ్ల తరబడి పడుకోవాలి, తల్లిగారింటి నుంచి వచ్చింది కాబట్టి బాగాలేదని ఆ పిల్ల నోరు తెరిచి చెప్పలేదు. దయచేసి పరుపు రేటు విడిగా రాయించండి, కాంబో పరుపు వద్దని ఆ డబ్బు తగ్గించుకుని మంచి పరుపు వేరుగా కొనండి. డ్రెస్సింగ్ టేబుల్ చిన్నదైనా ఫర్వాలేదు.

ఆన్‌లైన్‌లో కొంటే

చుట్టచుట్టి గాలి తీసి డబ్బాలో పంపుతారు. విప్పాక పూర్తిగా లేవడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది, కొత్త వాసన కిటికీలు తెరిచి ఉంచితే పోతుంది. వంద రాత్రుల ట్రయల్ అన్న మాట చాలా మందిని కొనిపిస్తుంది, మంచి సదుపాయమే. కానీ ఆర్డర్ పెట్టకముందే రెండు విషయాలు చూడండి. మీ పిన్‌కోడ్ నుంచి వాపస్ తీసుకుపోయే ఏర్పాటు ఉందా, ఆ ఖర్చు ఎవరిది. వరంగల్ నగరంలో ఇబ్బంది తక్కువ, ములుగు అవతలి ఊళ్లకు డెలివరీ ఇచ్చినా పికప్ ఇవ్వకపోవచ్చు. ఒకసారి విప్పిన పరుపును మళ్లీ ఆ డబ్బాలో పెట్టడం మన వల్ల కాదు. ట్రయల్ రోజుల్లో మొదటి రోజు నుంచే పరుపు మీద ప్రొటెక్టర్ (మరకలు పడకుండా తొడిగే కవరు) వేసుకోండి, మరక పడితే వాపస్ తీసుకోకపోవచ్చు.

దసరా, దీపావళి ఆఫర్లలో 40 శాతం, 50 శాతం అని రాస్తారు. ఆ తగ్గింపు ఎంఆర్‌పీ మీద, ఎంఆర్‌పీ పెంచి వేయడం ఈ వ్యాపారంలో మామూలే. శాతం వదిలేసి, అదే డెన్సిటీ, అదే కొలత ఉన్న పరుపు మూడు చోట్ల చివరికి ఎంతకు ఇస్తారో జీఎస్టీతో కలిపి అడగండి. పాత పరుపు ఎక్స్చేంజ్ అంటే దానికి ఇచ్చేది కూడా ఆ ధరలోనే సర్దుతారు.

బిల్లు, వారంటీ

బిల్లు మీద ఉత్తగా "పరుపు 1" అని రాస్తే ఒప్పుకోవద్దు. కంపెనీ పేరు, మోడల్, కొలత, మందం, పొరలు, డెన్సిటీ, వారంటీ ఏళ్లు అన్నీ రాయించండి. నోటితో "32" అన్నాయన బిల్లు మీద రాయడానికి వెనకాడితే కొనకుండా వచ్చేయండి. వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించి, రెండిటినీ ఫోటో తీసి పెట్టుకోండి, బిల్లు సిరా రెండేళ్లలో వెలిసిపోతుంది.

పదేళ్ల వారంటీ అంటే పదేళ్లలోపు ఎప్పుడైనా కొత్తది ఇస్తారని కాదు. కార్డులో ఎంత లోతు గుంత పడితే లోపంగా ఒప్పుకుంటారో రాసి ఉంటుంది, చాలా వాటిలో అది ఇంచు దరిదాపుల్లో ఉంటుంది. కొన్నిటిలో మొదటి కొన్నేళ్లు పూర్తి వారంటీ, ఆ తర్వాత వాడిన ఏళ్లను బట్టి మనం కొంత డబ్బు కట్టాలి. మరక పడ్డా, లేబుల్ చించినా తిప్పి పంపే కంపెనీలున్నాయి. కాబట్టి లేబుల్ కత్తిరించకండి, నీళ్లు పట్టని ప్రొటెక్టర్ పరుపుతో పాటే కొనండి. మూడు నెలలకోసారి తల వైపు కాళ్ల వైపుకు తిప్పండి. బోర్లా వేయడం రెండు వైపులా వాడే పరుపులకే. ఫోమ్‌ను, లేటెక్స్‌ను నడి ఎండలో వేయకండి, పొడిబారి తునుగుతాయి, నీడలో గాలికి నిలబెడితే చాలు.

డెలివరీ తెచ్చిన రోజు బండి పోకముందే టేపుతో కొలవండి, లేబుల్ బిల్లుతో సరిచూడండి, కుట్లు మళ్లీ వేసినట్టు ఉన్నాయా, పాత వాసన వస్తుందా చూడండి. పాత సరుకుకు కొత్త గుడ్డ తొడిగి అమ్మడం జరుగుతూనే ఉంది. తేడా కనిపిస్తే దింపుకోవద్దు, ఫోటోలు తీసి షాపుకు వాట్సాప్ చేయండి, మాట రాతలో ఉంటుంది.

తర్వాత గుంత పడితే పరుపు మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు తాడు బిగించి, తాడు నుంచి కిందికి స్కేలు పెట్టి లోతు కొలిచి, తేదీ కనబడేలా ఫోటో తీసి కంపెనీకి పంపండి. స్పందన రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులో చెప్పొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ ఫిర్యాదు ఫీజు లేదు, లాయర్‌ను పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు. మీ దగ్గర ఉండాల్సింది డెన్సిటీ రాసిన ఆ బిల్లు.